రాజునకు అధికార మిచ్చిన దెవరు?



రాజునకు అధికార మెక్కడినుండి వచ్చినదను ప్రశ్న మిక్కిలి పాతది. పూర్వము జనులు కలహములు తీర్చుకొనుటకై తమలో నొకని నెన్నుకొని, వానికి ధాన్యములో భాగ మిచ్చుటకు ఒడంబడిరనియు, అతనికే మహాసమ్మతుడని పేరు వచ్చెననియు బౌద్ధుల దీఘనికాయములో నొక కథ కలదు. పాశ్చాత్యులలో 1689లో లాకు, 1762లో రూసో ఈ భావమును తమతమ రీతుల విస్తరించిరి. మన పల్లెమాటలో చెప్పవలెనన్న, అధికారము కౌలుకిచ్చిన చేను వంటిది. ప్రజలు హక్కుదారులు, పాలకుడు కౌలుదారు. షరతు తప్పెనా, చేను వదలవలసినదే.

దీనికి స్కాట్లండు పండితుడు హ్యూము 1748లో గట్టి యాక్షేపణ చేసెను. నచ్చనివాడు దేశము విడిచిపోవచ్చును, పోలేదు గనుక సమ్మతించినట్లే యందురు గదా; చేత కాసులేని, పొరుగుభాష రాని పేదకాపు ఎక్కడికి పోగలడని యాతని ప్రశ్న.

దీనికి జవాబు గ్రంథములలోకంటె మన చీరాల యిసుకలో స్పష్టముగా దొరకునని నా యభిప్రాయము.

నాడు గుంటూరు జిల్లాలోనివైన చీరాల, పేరాలలు నేతగాండ్రును రైతులును కాపురముండు గ్రామములు. జనము సుమారు 15,000. ప్రభుత్వము 1919లో వీనిని కలిపి పురపాలక సంఘముగా చేయ బూనెను. ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 వరకు పెరుగునట్లయ్యెను. జనులు వలదనిరి, వినువారు లేకపోయిరి. వారికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆ హ్యూము పుట్టిన ఎడింబరోలోనే చదివి ఎం.ఏ. పట్టము పొందినవాడు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, పన్ను నిరాకరించుట, ఊరు విడుచుట యను రెండు త్రోవలు చూపగా, జనులు రెండవదానిని పట్టిరి. సుమారు 13,000 మంది పొలిమేర దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని, పదునొకండు మాసములు ఎండవానల కోర్చిరి. రామదండు వారికి కావలి కాచెను. తుదకు గోపాలకృష్ణయ్యకు ఏడాది శిక్ష పడెను. ధనము చాలక జనులు మరల ఇండ్లు చేరిరి.

హ్యూము చెప్పినట్లు, విడిచిపోవుట పేదవాని కెంత భారమో రామనగరము చూపినది. కాని సమ్మతి యనునది మరల తీసికొనదగిన వస్తువనియు, ఖాళీ యిండ్లపై ఏలుబడి సాగదనియు నదియే చూపినది.

1950 జనవరి 26 నుండి మన రాజ్యాంగము ప్రజలనే అధికారమునకు మూలముగా నంగీకరించినది. ఇప్పుడు ఊరు విడువ నక్కరలేదు. ఓటును గ్రామసభయు నున్నవి. అయినను ఊరకుండువాని మౌనమే సమ్మతిగా చెల్లుచున్నది. కావున పెద్దలు గ్రామసభకు పోయి, పన్నుల లెక్కలు చదివించి వినుడు. కౌలుదారుని లెక్క లడుగని హక్కుదారునకు చేను మిగులదు.