మగ్గపు అట్టలు - వెబ్‌సైటు అలంకారాలు

వస్త్రానికి నేత వేరు, నమూనా వేరు. నేత దారాన్ని గుడ్డగా నిలుపుతుంది. నమూనా ఆ గుడ్డకు అందమిస్తుంది. ఈ రెంటినీ విడదీసి, నమూనాను ఇష్టానుసారం మార్చుకొనుటకు మానవుడు చేసిన ప్రయత్నం పెద్ద చరిత్ర. నేడు వెబ్‌సైటు నడిపేవారు ‘థీము’ అనే సిద్ధరూపాన్ని తెరపై చూచి, ఎన్నుకొని, క్షణంలో అమర్చుకొంటున్నారు. ఈ సౌకర్యం ఎట్లు ఏర్పడినదో తెలియుటకు మన మగ్గాలకంటె మంచి ఉపమానం లేదు.

చీరాల మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970లో ప్రకాశం జిల్లాలోను, 2022లో బాపట్ల జిల్లాలోను చేరినది. అక్కడ నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్లేవి. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను నానబెట్టి, కట్లు కట్టి రంగులలో ముంచేవారు. నమూనా మగ్గం ఎక్కకముందే నూలులో ఇమిడిపోయేది. అది అపురూపమైన విద్య. కాని నమూనా మార్చవలెనంటే మరల నూలు దగ్గరనుండి ఆరంభించవలసినదే.

ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డు 1804 ప్రాంతంలో వేరొక మార్గాన్ని స్థిరపరచినాడు. బుషోన్, ఫాల్కన్ అనువారు 1720లలో మొదలిడిన కృషికి అది పరిణతి. రంధ్రాలు పొడిచిన అట్టల వరుస మగ్గంపై తిరుగుతుంది. ఏ పడుగు దారం పైకి లేవవలెనో, ఏది నిలువవలెనో రంధ్రమే నిర్ణయిస్తుంది. అట్టలు మార్చితే నమూనా మారుతుంది; మగ్గం మారదు. 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రానికి ఆజ్ఞలిచ్చుటకు ఇట్టి అట్టలనే స్వీకరించినాడు. జకార్డు, డాబీ అనే మాటలు మన నేతగాండ్ర ఇండ్లలోనూ సొంతమాటలైనవి.

1990ల నాటి వెబ్‌పుటలు తేలియా రుమాళ్ల వంటివి. పాఠం, రంగు, అక్షర పరిమాణం అన్నీ ఒకే పుటలో కలిసి ఉండేవి. నూరు పుటలున్నచోట రంగు మార్చవలెనంటే నూరింటినీ దిద్దవలసి వచ్చేది. అలంకారాన్ని వేరుగా వ్రాయవచ్చునని హోకున్ వియుం లీ 1994లో ప్రతిపాదించినాడు. 1996 డిసెంబరులో ఆ పద్ధతి ప్రమాణమైనది. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ 2005లో థీములను ప్రవేశపెట్టినది. పాఠాన్ని తాకకుండ రూపం మార్చుట సాధ్యమైనది.

అయినను చిక్కు తీరలేదు. థీము ఎక్కడ దొరుకునో వెదకి, మూట విప్పి, దూరపు యంత్రంలో తగినచోట చేర్చుట సామాన్యునికి కష్టం. అట్టలకోసం ఊరూరా తిరిగి, తెచ్చి, తానే బిగించుకొనే నేతగానివంటిదే ఆ స్థితి. 2008లో వర్డ్‌ప్రెస్ థీములన్నింటికి ఒక భాండారం ఏర్పరచినది. 2009 జూనులో, నిర్వాహకుడు తన పుటనుండే వెదకి అమర్చుకొనే వీలు కలిగినది. స్వీకరింపకముందే తన పాఠానికి ఆ రూపం ఎట్లుండునో చూచుకొనే సదుపాయం 2008లోనే వచ్చినది. 2011లో వెలువడిన ద్రూపల్ 7 కూడ థీమును తెరపైనుండే అమర్చుకొననిచ్చినది.

చూచుట సులభమైతే చాలునా? ఎవరికి సులభమన్నది కూడ ప్రశ్నయే. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశపు వస్త్రాల మచ్చుతునకలు 700 సేకరించి, 18 సంపుటాలలో అంటించి, 20 ప్రతులు సిద్ధం చేయించినాడు. అందు 13 బ్రిటనుకు పోయినవి, 7 ఈ దేశానికి దక్కినవి. మన ప్రజలు ఏమి కట్టుదురో అక్కడి మిల్లులు తెలుసుకొని, అట్టివే నేసి అమ్మవలెనన్నది ఉద్దేశం. మచ్చులు చూడ సులభమైనవి. కాని లాభం నమూనా కల్పించిన వానికి చేరలేదు. వర్డ్‌ప్రెస్ భాండారంలోని థీములకు మాత్రం, ఎవరైనను వాడుకొని, మార్చి, పంచుకొనవచ్చునని కర్తలే అనుమతి వ్రాసి ఇచ్చుదురు. భేదమంతా ఆ అనుమతిలో ఉన్నది.

మనకు మరొక చిక్కు కలదు. పెక్కు థీములు రోమన్ లిపిని ఉద్దేశించి చేసినవి. తెలుగులో గుడి పైకి, వత్తు క్రిందికి సాగుతాయి. పంక్తుల నడుమ ఎడం చాలనిచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిపై పడుతుంది. భాండారంలోని బొమ్మలో ఆంగ్లాక్షరాలే కనబడుటచేత ఈ లోపం ముందుగా తెలియదు. కనుక చీరలను వెబ్‌సైటులో అమ్మదలచిన చేనేత సంఘమైనను, మిరపపంట ధరలు తెలుపదలచిన రైతు సంఘమైనను, ముందు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘కృష్ణ’ వంటి మాటలను థీములో వ్రాసి చూడవలె. చౌకరకపు ఫోనుమీద పుట ఎంతసేపటికి తెరచుకొనునో పరీక్షింపవలె. తలగుడ్డ ఎంత అందమైనదైనను తలకు సరిపోయినప్పుడే కొనుగోలుదారు డబ్బు తీస్తాడు. థీముల బేరం కూడ అట్టిదే.