రాంచ్ ఇంటికి అసలు మేస్త్రీ ఎవరు?

ఒకే అంతస్తులో వెడల్పుగా పరుచుకునే అమెరికా రాంచ్ ఇంటి చరిత్ర చెప్పేవాళ్లు దాదాపు అందరూ ఒకేచోట మొదలుపెడతారు. స్పానిష్, మెక్సికన్ పాలనల నాటి కాలిఫోర్నియా పశువుల కమతాలు, వాటిలో పచ్చి ఇటుకలతో కట్టిన ఇళ్లు, నడుమ ముంగిలి, చుట్టూ వసారా. ఆ భూస్వాముల వంశంలో పుట్టిన క్లిఫ్ మే 1930ల ఆరంభంలో శాన్ డియాగోలో అదే పోలికతో కొత్త ఇళ్లు కట్టాడు. 1946లో ‘సన్‌సెట్’ పత్రిక అతనితో కలిసి వేసిన పుస్తకం వాటికి పేరు తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు ముచ్చటపడ్డారు, ఆ నమూనా దేశమంతా పాకింది. ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ కథ ఆ రూపం ఎక్కడిదో చెబుతుందే తప్ప, లక్షల ఇళ్లకు అదే ఎందుకు ఒప్పిందో చెప్పదు. పైగా ఆ కమతాల మీది మోజులో 1884 నాటి ‘రమోనా’ నవల పాలు చిన్నది కాదు. ఆదివాసుల కష్టాలు చెప్పడానికి రాసిన పుస్తకం నుంచి పాఠకులు పట్టుకుంది వసారాల అందాన్ని!

నా లెక్కలో అసలు మలుపు 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్. అంతకుముందు ఇంటి ధరలో సగానికో, కాస్త పైకో అప్పు పుట్టేది. మూడు నుంచి ఐదేళ్లలో అసలు తీర్చాల్సి వచ్చేది. ప్రభుత్వం తనఖా అప్పుకు బీమా ఇవ్వడంతో ధరలో 80 శాతం దాకా అప్పు, తీర్చడానికి 20 ఏళ్లు వచ్చాయి. 1938లో చిన్న ఇళ్లకు అది 90 శాతానికి, 25 ఏళ్లకు పెరిగింది. 1944 చట్టం మాజీ సైనికులకు ఇంకా వెసులుబాటిచ్చింది. బీమా ఇచ్చేవాడు ఊరికే ఇవ్వడు. ప్లాటు ఎంత ఉండాలి, వీధులు ఎలా సాగాలి, గదుల్లో గాలి ఎలా ఆడాలి అన్నీ చూశాడు. గళ్లుగళ్లుగా కోసిన పాత లేఅవుట్లకన్నా వంపు తిరిగిన వీధులను మెచ్చాడు. ట్రాము కాలపు పేటల్లో ప్లాట్లు ముఖం సన్నగా, లోపలికి పొడవుగా ఉండేవి. వీధి వెంబడి పడుకున్నట్టుండే ఇల్లు వాటిలో పట్టదు. వెడల్పు ప్లాటు కావాలంటే ఊరి బయట చవక భూమికి, కారుకు పోవాల్సిందే. అక్కడ నేలమాళిగ తవ్వకుండా నేలమీదే కాంక్రీటు పోసి, తడి గచ్చు బదులు జిప్సం బోర్డు బిగిస్తే పని చకచకా సాగేది. లాస్ ఏంజలెస్ దగ్గర లేక్‌వుడ్‌లో 1950 నుంచి మూడేళ్ల లోపే 17,500 ఇళ్లు లేచాయంటే కారణం ఇదే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947లో అదే బీమా అండతో కట్టినవి వాలు కప్పుల కేప్ కాడ్ ఇళ్లు; రాంచ్ నమూనా అక్కడికి 1949లో గాని రాలేదు. కాబట్టి రూపాన్ని బీమా నిర్ణయించిందనడం అతిశయోక్తే, జనం అభిరుచికి వాటా ఇవ్వాలి. అయితే ఆ అభిరుచికి గిరి గీసింది మాత్రం బీమాయే. చదును కప్పుల ఆధునిక ఇల్లు రేపు అమ్ముడుపోదేమోనని మదింపుదారులు జంకేవాళ్లు. రాంచ్ ఇల్లు తక్కువ వాలు కప్పుతో బయటికి పరిచయస్తుడిలా కనిపించి, లోపల వంటగదినీ కూర్చునే గదినీ కలిపేసి, పెరటివైపు గాజు తలుపులు తెరిచింది. ఆధునికత దొడ్డిదారిన వచ్చిందన్నమాట.

ఆ గిరి ఇంటి రూపం దగ్గరే ఆగలేదు. బీమా ఇచ్చిన అదే సంస్థ మదింపు నియమాలు నల్లజాతివాళ్లను పేటల్లోకి రానివ్వని దస్తావేజు షరతులను బలపరిచాయి. 1948లో సుప్రీంకోర్టు ఆ షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదన్నా, వాడుక ఆగలేదు. జాతి చూడకుండా ఇళ్లమ్మిన బిల్డర్ జోసెఫ్ ఐక్లర్ ఈ వివక్ష విషయంలోనే 1958లో బిల్డర్ల జాతీయ సంఘానికి రాజీనామా ఇచ్చాడు. కాలిఫోర్నియాలో దాదాపు 11,000 ఇళ్లు కట్టించినవాడికి జాతి చూడకుండా అమ్మడం సాధ్యమైందంటే, తక్కినవాళ్లు చెప్పిన ‘వ్యాపార నష్టం’ సాకును అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

ఇప్పుడు పాలో ఆల్టోలోని రెండు ఐక్లర్ పేటలు, గ్రీన్ గేబుల్స్, గ్రీన్‌మెడో, జాతీయ చారిత్రక రిజిస్టరులో ఉన్నాయి. పేరున్నవాడు కట్టించినవాటికి గౌరవం, పేరులేని మేస్త్రీలు కట్టినవాటికి బుల్డోజరు. తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డ సన్నీవేల్, కూపర్టినోల్లో ఇంటికన్నా స్థలం విలువ ఎక్కువై, పాత రాంచ్ ఇళ్లు పడి రెండంతస్తులు లేస్తున్నాయి. పేరును బట్టి కాపాడే ఈ ఎంపిక చరిత్ర దృష్టితో తప్పు. రాంచ్ ఇంటి ప్రాధాన్యం దాని మామూలుతనంలోనే ఉంది. అలాగని పేటలకు పేటలే కాపాడాలనడానికీ మనసొప్పదు. 2021లో కాలిఫోర్నియా ఒక్క ఇంటి ప్లాటును విడగొట్టి మరిన్ని ఇళ్లు కట్టుకోనిచ్చే చట్టం తెచ్చింది. చారిత్రక ప్రాంతాలను అందులోంచి మినహాయించింది. ఇంటి కరువున్న చోట చారిత్రక హోదా కొత్తవాళ్లను ఆపే కంచెగా మారే వీలుంది. అందుకే కట్టడంతోపాటు దాని లేఅవుట్ పటం, తనఖా కాగితం, దస్తావేజులోని షరతూ కలిపి భద్రపరచనిదే ఏ పేటకూ ఆ హోదా ఇవ్వకూడదు.