పాశమైలారం గేటు నుంచి సంగారెడ్డి కోర్టు దాకా: పిల్లల పక్షాన, కుటుంబాల పక్షాన నిలబడే లా విద్యార్థి ఏం నేర్చుకోవాలి?

2025 జూన్ 30 ఉదయం పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లు. చాలా మృతదేహాలను డీఎన్‌ఏ పరీక్షలతోనే గుర్తించాల్సి వచ్చింది. కొందరివి అసలు దొరకనే లేదు.

శరీరం దొరకని మనిషికి మరణ ధ్రువీకరణ పత్రం ఎట్లా వస్తుంది? సాక్ష్య చట్టం ప్రకారమైతే, ఏడేళ్లు జాడ తెలియకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు. అప్పటిదాకా ఆ ఇంటి పిల్లలు ఏం తినాలి? ప్రభుత్వం ప్రత్యేకంగా నిర్ధారించి ఉత్తర్వు ఇవ్వాలని అడగాలి. అడగొచ్చని ఆ కుటుంబానికి ఎవరో ఒకరు చెప్పాలి, వాళ్ల భాషలో అర్జీ రాయాలి. లా విద్యార్థి పని మొదలయ్యేది ఇక్కడే.

ముందు హద్దు తెలుసుకుందాం. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం, బార్ కౌన్సిల్‌లో నమోదైన న్యాయవాదులే కోర్టులో వాదించాలి. సెక్షన్ 32 కింద ఫలానా కేసులో మాట్లాడటానికి ఇతరులకు కోర్టు అనుమతి ఇవ్వొచ్చు గానీ, దాన్ని నమ్ముకుని శిక్షణ నడపలేం. అమెరికాలో చాలా రాష్ట్రాలు న్యాయవాది పర్యవేక్షణలో విద్యార్థిని కోర్టులో నిలబడనిస్తాయి. మన దగ్గర అలాంటి నియమం లేదు. అయినా కోర్టు మెట్లెక్కే ముందే సగం కేసు తేలిపోయే చోట విద్యార్థికి చేయాల్సిన పని చాలానే ఉంది.

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 తెరిచి చూడండి. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, కుల దౌర్జన్య బాధితులు, పారిశ్రామిక విపత్తు బాధితులు, పారిశ్రామిక కార్మికులు, వీళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం బస్తీల్లో ఈ జాబితాకు బయట మిగిలే కుటుంబాన్ని వెతకాల్సిందే. అదే చట్టంలోని సెక్షన్ 4 లా కాలేజీల్లో న్యాయసేవా క్లినిక్‌లు పెట్టించి పర్యవేక్షించే బాధ్యతను జాతీయ సంస్థకు అప్పగించింది. బార్ కౌన్సిల్ 2008 నియమాలు ప్రతి కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలన్నాయి. కానీ ఆచరణలో మాకు ఎక్కువగా కనిపించేది ఒకరోజు శిబిరమే: బ్యానర్, రెండు ఉపన్యాసాలు, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. మరుసటి వారం అదే బస్తీలో ఎవరికైనా ఆపద వస్తే ఫోన్ చేయడానికి నంబరు ఉండదు.

మా దృష్టిలో శిక్షణ లెక్కలతో మొదలవ్వాలి. పాశమైలారం పేలుడు నాటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టాన్నే తీసుకోండి. కార్మికుడు చనిపోతే నెల వేతనంలో సగాన్ని అతని వయసుకు నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. వేతనాన్ని గరిష్ఠంగా రూ.15,000గానే లెక్కిస్తారు. 25 ఏళ్ల మనిషికి గుణకం 216.91. వేతనం రూ.15,000 అని రుజువైతే పరిహారం రూ.16,26,825. కాంట్రాక్టర్ రిజిస్టరులో రూ.9,000 అని రాసి ఉండి, దాన్నే ఒప్పుకుంటే రూ.9,76,095. ఆరున్నర లక్షల తేడా! దాన్ని పూడ్చేది గొప్ప వాదన కాదు. ఫోన్‌లోని బ్యాంకు మెసేజ్‌లు, గదిలో కలిసి ఉన్నవాళ్ల వాంగ్మూలం, ఇంటికి పంపిన డబ్బుల వివరం. వీటిని మొదటి వారంలోనే సేకరించాలి. ఆ తర్వాత తోటి కార్మికులు వేరే ఊరికి వెళ్లిపోతారు.

కార్మికుడికి ఈఎస్ఐ ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆధారపడినవారికి వేతనంలో 90 శాతం లెక్కన నెలనెలా పింఛను వస్తుంది. అందుకే మొదటి ప్రశ్న ఈఎస్ఐ నంబరు. ‘వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి’ అని యాజమాన్యం అంటే భయపడనక్కర్లేదు. 1923 చట్టం సెక్షన్ 12 అసలు యజమానినీ బాధ్యుణ్ని చేస్తుంది. మరణ పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమ చేయాలి. యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టింది ఈ చట్టం కింద చెల్లింపుగా లెక్కకు రాదు. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి వచ్చినవాళ్లకు ఈ మాట చెప్పగలగాలి. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి, ప్రమాదం ఆ తేదీకి ముందా తర్వాతా అన్నది కూడా చూసుకోవాలి.

ఇటుక బట్టీ దగ్గర పిల్లవాడు

వానలు వెనుకబట్టాక బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే అడ్వాన్సు తీసుకుని తెలంగాణలోని బట్టీలకు వస్తాయి. వీరిలో దళితులు, ఆదివాసీలే ఎక్కువ. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో తనిఖీలు జరుగుతాయి. పిల్లల్ని విడిపిస్తారు. ఆ తర్వాత?

బట్టీ యజమాని సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: ‘తల్లిదండ్రులతోపాటు చేస్తున్నారు, ఇది కుటుంబ పని.’ 2016 సవరణ బాల కార్మిక చట్టంలో కుటుంబ వృత్తికి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ బట్టీ ఆ కుటుంబానిది కాదు, యజమానిది. పైగా బడి గంటలు అయ్యాక, సెలవుల్లో చేసే సాయానికే, అదీ ప్రమాదకరం కాని పనికే ఆ మినహాయింపు. ఈ రెండు వాక్యాలు విద్యార్థి నోటికి వచ్చి ఉండాలి.

వయసు తేల్చేటప్పుడు జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 చెప్పిన వరస తప్పకూడదు: బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పది సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన పత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరసలో లేదు. రక్షణ అవసరమైన పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి. ఆ పని పోలీసులే చేయాలని లేదు, సామాజిక కార్యకర్త గానీ బాధ్యత గల పౌరుడు గానీ చేయొచ్చు. విద్యార్థి కూడా పౌరుడే కదా. బడిలో చేర్చేటప్పుడు ‘వయసు పత్రం లేదు’ అని వెనక్కి పంపితే విద్యాహక్కు చట్టం సెక్షన్ 14 చూపించాలి.

పిల్లవాణ్ని బడిలో చేర్చి, తల్లిదండ్రుల అప్పును మాత్రం అలాగే వదిలేస్తే వచ్చే ఏడు మళ్లీ అదే బట్టీ. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు, బలవంతపు చాకిరీ అని తేలితే అది అడ్వాన్సు కోసమే చేస్తున్నట్టు భావించాలంది. కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద విడుదల పత్రం అడగాలి. అది చేతికొస్తే అప్పు రద్దు, పునరావాస సాయానికి దారి. అది లేకుండా రైలెక్కించి పంపేయడాన్ని విముక్తి అనడం మాకు ఇష్టం లేదు.

కులం పేరుతో తిట్టినా, కొట్టినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ‘ఒడిశా కుల పత్రం ఇక్కడ చెల్లదు’ అని స్టేషన్‌లో అంటే ఏం చేయాలి? రిజర్వేషన్ వేరు, రక్షణ వేరు. ఈ చట్టం రక్షణ సొంత రాష్ట్రానికే పరిమితం కాదని బొంబాయి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2023లో చెప్పింది. తెలంగాణ కోర్టులు దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేకపోయినా, వాదనకు గట్టి ఆధారం. 2016 నుంచి అమల్లో ఉన్న 15ఏ సెక్షన్ బాధితులకు స్వచ్ఛంద సంస్థలు, సామాజిక కార్యకర్తలు, న్యాయవాదుల సహాయం తీసుకునే హక్కు ఇచ్చింది. బాధితురాలితో పాటు స్టేషన్‌కు వెళ్లే విద్యార్థి ‘నువ్వెవరు?’ అనే ప్రశ్నకు చెప్పాల్సిన జవాబు ఇదే.

ఇక మాటతీరు. మేస్త్రీ పక్కనుండగా కులం అడగొద్దు, అప్పు సంగతి అడగొద్దు. పిల్లలతో పదిమంది కూర్చుని మాట్లాడొద్దు. అదే సంఘటనను మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. ఒడియా, హిందీ తెలిసిన తోడు కావాలి, అది మేస్త్రీ బంధువు కాకూడదు. విడిపించిన పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద నేరం. మన ఉద్యమ గ్రూపుల్లోనూ ఇది జరుగుతోందని ఒప్పుకోవాలి.

జనానికి అర్థమయ్యే భాషలో చట్టం చెప్పడం తెలుగు దళిత ఉద్యమానికి కొత్త కాదు. బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ రాసింది అందుకే. పాఠ్యప్రణాళికలో అటువంటి పుస్తకం ఉంటే సగం ఉపన్యాసాలు మానేయొచ్చు.

సెమిస్టర్ గడువు, కేసు గడువు

పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు 2001లో హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు మారి, 2017లో తీర్పుకొచ్చింది. నక్కవాగు నీళ్లు పాడైననాడు పుట్టిన పిల్లలు ఆ లోపు తల్లిదండ్రులయ్యారు. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటి స్థానికులు దశాబ్దాల పాటు పట్టు వదలకపోవడం వల్లే ఆ పోరాటం నిలబడింది. విద్యార్థి మాత్రం ఆరు నెలల్లో వెళ్లిపోతాడు. అందుకని ప్రతి కుటుంబానికీ ఒక ఫైలు తెరవాలి. అందులో తేదీలవారీగా జరిగిన సంగతులు, ఇచ్చిన ప్రతి అర్జీ నకలు, దానికి రసీదు, ఊళ్లో దొరికే బంధువు నంబరు, తర్వాతి వాయిదా ఉండాలి. పరిహారం కేసైతే రెండేళ్ల గడువు ఏ తేదీతో ముగుస్తుందో అట్ట మీదే రాయాలి. పాత విద్యార్థి కొత్త విద్యార్థిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి ఒకసారైనా వెళ్లి ఫైలు అప్పగించాలి. సంగారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థ నియమించిన న్యాయవాది పేరు, ఫోన్ నంబరు ఆ కుటుంబం దగ్గర కూడా రాసి ఉంచాలి.