పిలవని పేరంటం

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మన పెద్దవాళ్ళు చెప్పారు. పిలవకుండా మన ఇంటికే వచ్చి చాప పరుచుకునే పేరంటాన్ని ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. పాపం, వాళ్ళ కాలంలో ఆ బాధ లేదు గదా అనుకుంటాం. తీరా చరిత్ర తిరగేస్తే ఆ బాధ వయసు నూట అరవై ఏళ్ళు దాటింది!

1864లో లండను నగరంలో కొందరు పెద్దమనుషులకి, వాళ్ళల్లో పార్లమెంటు సభ్యులు కూడా ఉన్నారు, పొద్దుపోయాక తంతులొచ్చాయి. తంతి అంటే మాటలా? 2013 జూలైలో మన దేశంలో తంతి ఆఫీసులు మూతపడేదాకా ఆ పేరు చెబితే మన ఇళ్ళల్లోనూ గుండెలు దడదడలాడేవి. చింపకముందే ఏడుపు మొదలెట్టిన ఇళ్ళున్నాయి. ఆ లండను పెద్దమనుషులు కంగారుగా విప్పి చూస్తే అందులో ఉన్నదేమిటో తెలుసా? గేబ్రియల్ అనే పళ్ళ డాక్టర్లు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా దొరుకుతారో ఆ సమాచారం! ఒకాయన ఒళ్ళు మండి టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశాడు. మనమైతే పక్కింటి పిన్నిగారితో చెప్పుకుని ఊరుకుంటాం. ఆయన ఊరంతటితోనూ చెప్పుకున్నాడు, అంతే తేడా.

ఆ పళ్ళ డాక్టర్ల వారసులే ఇవాళ మన సెల్‌ఫోనులో, ఈమెయిలులో కాపురం పెట్టారు. 1978 మే 3న అమెరికాలో గేరీ థర్క్ అనే ఆయన తన కంపెనీ కొత్త కంప్యూటర్ల సంగతి చెబుతూ ఒకే ఉత్తరాన్ని నాలుగొందల మందికి ఒక్కసారే పంపాడు. ఇంటర్నెట్టుకి అమ్మలాంటి ఆర్పానెట్ రోజులవి. ప్రభుత్వ ఖర్చుతో పరిశోధన కోసం నడిచే తీగ మీద వ్యాపారమా అని నలుగురూ విరుచుకుపడ్డారు. మళ్ళీ చెయ్యొద్దని మందలించి వదిలేశారు. మందలింపు సంగతెలా ఉన్నా అమ్మకాలు మాత్రం లక్షణంగా జరిగాయని ఆ తరవాత ఆయనే చెప్పుకున్నాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. తిట్లు పదిమందివి, లాభం ఒకడిది.

ఇలాంటి ఉత్తరాలకి ‘స్పామ్’ అన్న పేరు ఎలా వచ్చిందనుకున్నారు? అది 1937లో అమెరికాలో పుట్టిన డబ్బా మాంసం పేరు. 1970లో ఇంగ్లండు టీవీలో ఒక హాస్య నాటిక వచ్చింది. హోటల్లో ఏ పలహారం అడిగినా అందులో ఆ మాంసమే, ఎవరు నోరు విప్పినా ఆ మాటే. వద్దు మొర్రో అంటున్నా వడ్డించే ఆ తీరు చూసి కంప్యూటరువాళ్ళు అక్కర్లేని ఉత్తరాలకి అదే పేరు తగిలించారు.

1994 ఏప్రిల్లో ఇంకో ఘనకార్యం జరిగింది. అరిజోనాలో లాయర్లయిన కేంటర్, సీగెల్ అనే భార్యాభర్తలు వేలాది చర్చా వేదికల్లో ఒకే ప్రకటన గుమ్మరించారు. దేని గురించంటారా? గ్రీన్ కార్డు లాటరీ! గ్రీన్ కార్డన్న మాట మన కృష్ణా జిల్లాలో ఎన్ని ఇళ్ళల్లో దీపం వెలిగించిందో, ఎన్ని ఇళ్ళల్లో నిద్ర చెడగొట్టిందో మీకు నేను చెప్పాలా? ఆ ఆశనే వాళ్ళు సరుకు చేశారు. 1997లో టెనెసీ రాష్ట్రంలో కేంటర్‌గారి లాయరు పట్టా ఊడింది. ఊడటానికి ఈ ప్రకటన కూడా ఒక కారణం.

ఇంతకీ ప్రకటనలు మనకి కొత్తా? మా హనుమాన్ జంక్షన్ ఊరే నాలుగు దారుల కూడలి. బెజవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ ఎటునుంచి ఎటు పోయేవాళ్ళయినా మా ఆంజనేయస్వామికి ఓ దణ్ణం పెట్టుకుని పోవాల్సిందే. అలాంటి చోట మైకు మోగకుండా ఉంటుందా? ఆషాఢం చీరలని ఒక ఆటో, కొత్త కాలేజీలో సీట్లని ఇంకో ఆటో. పేపరు మడత విప్పితే కరపత్రాలు జలజల రాలతాయి. విసుక్కుంటాంగాని ఎవరి మీదా కేసు పెట్టం. ఎందుకు పెట్టం? ఆటోవాడికి కిరాయి, నూనె ఖర్చు ఉంటాయి. కరపత్రానికి కాగితం ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చే వాళ్ళకి కళ్ళెం. ఈమెయిలు పంపేవాడికి ఆ కళ్ళెం లేదు. పదిమందికి పంపినా పది లక్షలమందికి పంపినా వాడికి పెద్ద తేడా ఉండదు. మిగతా ఖర్చంతా పుచ్చుకునేవాళ్ళది. ఉత్తరాలు మోసే కంపెనీ యంత్రాలు, మన డేటా, అన్నిటికంటే ఖరీదైన మన పొద్దు అన్నీ ఆ లెక్కలోవే. పెళ్ళి వాడిది, భోజనాల ఖర్చు మనది అన్నమాట!

మరి కోర్టుకెక్కితే? మొదట్లో కోర్టులకీ దిక్కు తోచలేదు. ఈమెయిలు చట్టం ఎక్కడుంది గనక? అప్పుడు అమెరికా జడ్జీలు అటక మీది పాత పెట్టె తెరిచారు. మన పల్లెటూళ్ళల్లో బందెలదొడ్డి ఉండేది, గుర్తుందా? 1871లో తెల్లవాళ్ళు దానికో చట్టం కూడా చేశారు. చేలో పడ్డ గేదెని తోలుకెళ్ళి దొడ్లో కట్టేస్తే, దాని ఆసామి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. గేదె మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు. పరాయి చేలో దానికేం పని అన్నదొక్కటే ప్రశ్న. సరిగ్గా ఇలాంటి పాత న్యాయమే ఒకటి ఇంగ్లీషువాళ్ళ నుంచి అమెరికాకి సంక్రమించింది. ఒకరి వస్తువుని వాళ్ళు వద్దన్నాక వాడుకోవటం తప్పని దాని సారాంశం. 1997లో ఒహాయోలో కంప్యూసర్వ్ కంపెనీ ఆ న్యాయాన్నే పట్టుకుని సైబర్ ప్రమోషన్స్ అనే ఉత్తరాల కంపెనీ మీద గెలిచింది. మా యంత్రాలు మావి, వాటి నిండా నీ చెత్త పొయ్యటానికి వీల్లేదని వాదన. చేలో పడ్డ గేదెకీ కంప్యూటర్లో పడ్డ ఉత్తరానికీ ఒకటే న్యాయం!

ఆ ఉత్తరాల కంపెనీ ఆసామి పేరు శాన్‌ఫర్డ్ వాలెస్. ఓడిపోయాక బుద్ధి తెచ్చుకున్నాడా? 2009లో ఫేస్‌బుక్‌కి 71 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని ఇంకో కోర్టు ఆయన మీద తీర్పిచ్చింది. చివరికి 2016లో రెండున్నరేళ్ళ జైలు పడింది. మొదటి కేసుకీ జైలుకీ మధ్య దాదాపు ఇరవై ఏళ్ళు! కోర్టు గడప తొక్కాలంటే మనకి ఓపిక ఎంత ఉండాలో లెక్క వేసుకోండి.

అమెరికా 2003లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. ఉత్తరం ఎవరిదో దొంగ పేరు పెట్టకూడదు, ఇక చాలు అనే వీలు చదివేవాళ్ళకి ఇవ్వాలి, చాలన్నాక మానెయ్యాలి అని అందులో రాశారు. బాగుంది గదూ? తిరకాసేమిటంటే, ఆ చట్టం కింద దావా వేసే హక్కు ప్రభుత్వానికీ ఇంటర్నెట్ కంపెనీలకీ ఉందిగాని మామూలు ఇల్లాలికి లేదు. ఇంగ్లండు పద్ధతి వేరు. అక్కడ ముందుగా ఒప్పుకుంటేనే పంపాలి. 2005లో ఒకాయన తనకొచ్చిన అక్కర్లేని ఉత్తరాల మీద చిన్న మొత్తాల కోర్టుకి వెళ్ళి ఓ కంపెనీ చేత 270 పౌన్లు కక్కించాడు. డబ్బు చిన్నదే. కాని మామూలు మనిషి కూడా గెలవగలడని తేలింది, అది చిన్నదేమీ కాదు.

ఇక మన సంగతికి వద్దాం. 2000లో వచ్చిన మన సమాచార సాంకేతిక చట్టంలో ఈ బెడద ఊసే లేదు. 2008లో దాన్ని సవరించి 66-ఏ అనే సెక్షను చేర్చారు. అందులో ఒక ముక్క, విసిగించటానికో ఇబ్బంది పెట్టటానికో, ఎవరు పంపారో తెలియకుండా మోసగించటానికో ఈమెయిలు పంపితే మూడేళ్ళ దాకా జైలంది. హమ్మయ్య, మన పిలవని పేరంటానికి మొగుడు దొరికాడనుకున్నాం!

దొరికాడుగాని, ఆ మొగుడు పట్టుకున్నది ఎవర్నో చూడండి. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, బాల్ ఠాక్రే అంత్యక్రియల రోజు ఊరంతా బందు ఎందుకని ఫేస్‌బుక్కులో ఒకమ్మాయి రాసింది. ఇంకో అమ్మాయి బాగుందంది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. 2013 మేలో మన రాష్ట్రంలోనే, పౌరహక్కుల నాయకురాలు, లాయరు అయిన జయ వింధ్యాలని ఫేస్‌బుక్కు రాతలకే ఈ సెక్షను కింద పట్టుకెళ్ళారు. లోను ఇస్తామని రోజుకి నాలుగు ఉత్తరాలు రాసేవాళ్ళు మాత్రం హాయిగా రాస్తూనే ఉన్నారు. చేపల కోసం నేసిన వలలో నీళ్ళకెళ్ళిన ఆడవాళ్ళు చిక్కుకున్నట్టయింది.

శ్రేయా సింఘాల్ అనే అమ్మాయి దీని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2015 మార్చి 24న ఇద్దరు న్యాయమూర్తులు ఆ సెక్షను మొత్తాన్నీ కొట్టేశారు. తీర్పు రాసింది జస్టిస్ నారిమన్. పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు? మన కృష్ణా జిల్లా మొవ్వ దగ్గర పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్! చిరాకు, ఇబ్బంది అన్న మాటలకి హద్దేమిటి, ఒకరికి చిరాకు పుట్టించేది ఇంకొకరికి ఏమీ అనిపించకపోవచ్చుగదా, అలాంటి మాట పట్టుకుని మనుషుల్ని జైల్లో పెడతారా అని కోర్టు అడిగింది. న్యాయమే. 2008లో వర్జీనియా సుప్రీంకోర్టు కూడా ఇలాగే చేసింది. తొమ్మిదేళ్ళ శిక్ష పడ్డ ఉత్తరాల వ్యాపారి ఒకడు, ఆ రాష్ట్రపు చట్టం పేరు చెప్పకుండా మాట్లాడే స్వేచ్ఛని కూడా మింగేస్తోందన్న కారణం మీద బయటపడ్డాడు.

అంచేత నాకు తోచేదేమిటంటే, నోటికీ గుమ్మానికీ ఉన్న తేడా చట్టం గుర్తించాలి. ఎవరేం మాట్లాడాలో చెప్పే అధికారం నాకు వద్దు. నా గుమ్మంలోకి వచ్చి మాట్లాడితే తలుపు వేసుకునే అధికారం కావాలి. 66-ఏ నోళ్ళు కట్టెయ్యాలని చూసింది, అంచేత పోయింది. పోవటం మంచిదే. కాని దాంతోపాటు తలుపు గడియ కూడా పోయింది, ఈమెయిలుకి దాని బదులు ఇంకో గడియ బిగించనే లేదు.

ఫోను సంగతి కాస్త నయం. ఆ నయం కావటానికి ఒక ఆడమనిషి పట్టుదల కూడా తోడయింది. ఢిల్లీలో నివేదితా శర్మ అనే ఆవిడ తనకి అదే పనిగా వచ్చే ప్రచార ఫోన్ల మీద వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేసింది. 2006లో ఢిల్లీ రాష్ట్ర కమిషను ఎయిర్‌టెల్, సెల్యులర్ ఆపరేటర్ల సంఘం, రెండు బ్యాంకులు కలిసి 75 లక్షలు కట్టాలంది. వాళ్ళు ఊరుకుంటారా? హైకోర్టుకి వెళ్ళి ఆ తీర్పు కొట్టేయించుకున్నారు. ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2011 డిసెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుని తోసేసి, అప్పీలు చేసుకోవాలంటే జాతీయ కమిషనుకే వెళ్ళండి, అడ్డదారి కుదరదంది. ‘పోనిద్దూ, ఫోనేగా’ అని ఆవిడ అనుకుని ఉంటే?

ఈలోగా 2007లో ట్రాయ్, వద్దన్నవాళ్ళ పేర్ల పట్టిక పెట్టింది. 2010లో నిబంధనలు మార్చింది, 2018లో ఇంకా బిగించింది, 2025లో మళ్ళీ మార్చింది. ఇప్పుడు 1909కి ఫోను చేసి ప్రచారాలు వద్దని చెప్పొచ్చు. చెప్పినా వస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యొచ్చు. మెసేజి పంపినవాళ్ళ పేరు చివర పీ అన్న ఇంగ్లీషు అక్షరం ఉంటే ప్రచారం, టీ ఉంటే లావాదేవీ, ఎస్ అంటే సేవ, జీ అంటే ప్రభుత్వం. పోపుల డబ్బాలో అరల్లాగా విడదీశారు. ఆవాలేవో మెంతులేవో తెలిస్తే చెయ్యి కాల్చుకోం.

ఇదంతా చిన్న విషయం, చెరిపేస్తే పోలేదా అంటారు మా ఇంట్లో మగవాళ్ళు. చెరిపేసే చెయ్యి ఎవరిదండీ? పగలంతా ఇంట్లో ఫోనుకి పలికేది ఎవరు? కూరగాయల సంచీ ఒక చేత్తో పట్టుకుని, పిల్లల స్కూలు నుంచేమోనని రెండో చేత్తో ఫోనెత్తేది మనం. అదీగాక, నూరు చెత్త ఉత్తరాల మధ్య దాక్కుని నూట ఒకటోది వస్తుంది. కరెంటు బిల్లనో బ్యాంకు కార్డనో చెప్పి నొక్కమంటుంది. ఒంటరిగా ఉన్న ముసలమ్మ పింఛను డబ్బు అక్కడే పోతుంది. చెత్త పేరుకున్న చోటే పాము చేరుతుంది గదా! అలా డబ్బు పోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యాలి, ఆ నంబరు మటుకు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు ప్రకటించారు. అంచెలంచెలుగా అమల్లోకి వస్తుందట. మన పేరూ నంబరూ వాడుకోవాలంటే మన ఒప్పుదల కావాలని, ఇచ్చిన ఒప్పుదలని వెనక్కి తీసుకోవచ్చని అందులో ఉంది. చీరల కొట్లో బిల్లు వేసేటప్పుడు ‘ఫోన్ నంబరు చెప్పండి మేడం’ అంటే, ఎందుకు బాబూ అని అడగటానికి ఇక మనం మొహమాటపడక్కర్లేదు. అడిగితే కొట్టువాడు కాస్త చిన్నబుచ్చుకుంటాడేమో. చిన్నబుచ్చుకోనివ్వండి. చీర మనకిస్తాడు, డబ్బు మనమిస్తాం. నంబరు ఆ బేరంలో ఎప్పుడూ లేదు.