సూరత్ ప్లేగు: ఆధారాల బాటలో ఆరేళ్ళు

మీరు ఒక పరిశోధన విద్యార్థి అనుకోండి. "1994లో సూరత్‌లో వచ్చింది నిజంగా ప్లేగేనా?" అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. 1994 చివర్లో వచ్చిన వ్యాసాలు మాత్రమే చదివి ఆగిపోతే, "అనుమానమే" అని రాస్తారు. 1996 దాకా వస్తే, "ప్లేగే" అనడానికి గట్టి ఆధారాలు దొరుకుతాయి. 2000 దాకా వస్తే ఆ సూక్ష్మజీవి జన్యువులే సాక్ష్యం చెబుతాయి. ప్రశ్న ఒక్కటే. మీరు ఎక్కడ ఆగారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

మరి, మీరు చదివిన వ్యాసం తరవాత ఇంకొకటి వచ్చిందని మీకు తెలిసేదెలా? ఈ చిక్కును తీర్చడానికే సైటేషన్ సూచికలు, రిఫరెన్సులను భద్రపరిచే సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. వాటి చరిత్రను సూరత్ ప్లేగుతో కలిపి చూస్తే, అవి ఎందుకు అవసరమో సులభంగా బోధపడుతుంది.

సూరత్‌లో ఏం జరిగింది?

1994 ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గడ్డల ప్లేగు కనిపించింది. సెప్టెంబరు మూడోవారంలో గుజరాత్‌లోని సూరత్‌లో, తపతి వరద తగ్గిన కొద్ది రోజులకు, జ్వరం, దగ్గు, నెత్తుటి కఫంతో రోగులు ఆస్పత్రుల్లో చేరసాగారు. గాలి ద్వారా మనిషి నుంచి మనిషికి సోకే ఊపిరితిత్తుల ప్లేగు ఇదని వైద్యాధికారులు ప్రకటించారు.

సూరత్ వజ్రాలకు సాన పట్టే ఊరు, పట్టు జరీలకూ పవర్‌లూమ్ బట్టలకూ పేరుపడ్డ ఊరు. బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళతో నిండిన ఊరు కూడా. తెలంగాణ నుంచి వలస వెళ్ళి మగ్గాలమీద పనిచేస్తున్న పద్మశాలి కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ప్లేగన్న మాట వినగానే లక్షలమంది రైళ్ళు, బస్సులు పట్టుకుని ఊరు విడిచిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ బిళ్ళలకు కరువొచ్చింది. పలు దేశాలు భారతదేశానికి విమానాలు ఆపేశాయి, మన సరుకులు దించుకోవడానికి జంకాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందిన లెక్క ప్రకారం అనుమానిత కేసులు 693, మరణాలు 56. ఈ అంకెల వెంట ఉన్న షరతులను కాస్త గమనించండి. ఇవి ఒక్క సూరత్‌వి కావు, దేశం మొత్తానివి. ఆగస్టు 26 నుంచి అక్టోబరు మొదటి వారం దాకా వచ్చినవి. రక్తపరీక్షలో ప్లేగు ప్రతిరక్షకాలు కనిపించిన "అనుమానిత" కేసులవి. ఒక వ్యాసం నుంచి మరో వ్యాసానికి ఎక్కించేటప్పుడు ఈ షరతులు జారిపోతే, అంకె అలాగే ఉంటుంది కాని అర్థం మారిపోతుంది.

వివాదం, పరిష్కారం

ప్లేగు సూక్ష్మజీవిని 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనుక్కున్నాడు. సరిగ్గా నూరేళ్ళకు అది సూరత్‌లో చర్చనీయాంశమైంది. 1966 తరవాత మన దేశంలో మనుషులకు ప్లేగు సోకినట్లు ధ్రువపడిన కేసు లేదు. ఒక తరం వైద్యులు ఆ జబ్బును చూడకుండానే పెరిగారు. రోగుల్లో చాలామంది ఆస్పత్రికి రాకముందే యాంటీబయాటిక్‌లు మింగేశారు. అటువంటివారి నమూనాల నుంచి సూక్ష్మజీవిని పెంచడం కష్టం. వ్యాధి ఊహించినంత వేగంగా పాకలేదు కూడా. అందువల్ల ఇది మెలియాయిడోసిస్ కావచ్చునని కొందరు, హాంటా వైరస్ కావచ్చునని మరికొందరు వాదించారు.

ఇది పండితుల వాదం మాత్రమే కాదు. జబ్బును బట్టి మందు, మందు వాడవలసిన కాలం మారతాయి. రోగిని వేరుగా ఉంచాలా, ఇంట్లోవాళ్ళకు ముందస్తు మందు ఇవ్వాలా అన్నవీ మారతాయి. ఒక దేశపు వ్యాపారం ఆగడమూ, సాగడమూ కూడా దీనిమీదే ఆధారపడ్డాయి.

దీన్ని తేల్చడానికి ప్రభుత్వం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షుడు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, దిల్లీ ఎయిమ్స్ సంచాలకుడుగా, భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేసిన శాస్త్రజ్ఞుడు ఆయన. ఆ సంఘం ప్లేగేనన్న నిర్ణయానికి వచ్చింది. 1995లో "నేచర్ మెడిసిన్"లో ఆయన వ్యాసం అచ్చయింది. 1996లో బెంగుళూరు నుంచి వెలువడే "కరెంట్ సైన్స్" ఈ విషయంమీద వరుసగా కొన్ని వ్యాసాలు ప్రచురించింది. సూక్ష్మజీవిని వేరుచేసి గుర్తించిన గ్వాలియర్ రక్షణ పరిశోధనశాల పనీ, అణుస్థాయిలో పరీక్షించిన ఎయిమ్స్ బృందం పనీ అందులో ఉన్నాయి.

2000 సంవత్సరంలో మన హైదరాబాదు వంతు వచ్చింది. సి.సి.ఎం.బి.కి చెందిన ఎస్. శివాజీ బృందం ఆ సూక్ష్మజీవుల 16ఎస్ రైబోసోమ్ జన్యువు అక్షరక్రమాన్ని చదివింది. ప్రతి బాక్టీరియాలోనూ ఉండే ఈ జన్యువు చుట్టరికాలు తేల్చడానికి పనికొస్తుంది. దానికి తోడు డి.ఎన్.ఎ. ముద్రలనూ పోల్చి, ఇవి ప్లేగు క్రిమి యెర్సీనియా పెస్టిస్‌వేనని ఆ బృందం ప్రకటించింది.

1994లో సందేహించినవారు తప్పు చేశారనుకోకండి. చేతిలో ఉన్న ఆధారాలు చాలనప్పుడు సందేహించడమే శాస్త్ర పద్ధతి. కాని ఇవాళ వ్యాసం రాసేవారు ఆ సందేహాన్నే చివరిమాటగా ఉదహరిస్తే, అది చదవకపోవడం వల్ల వచ్చిన తప్పు.

వెనక్కి చూపే వేలు, ముందుకు చూపే వేలు

ప్రతి వ్యాసం చివరా రిఫరెన్సుల పట్టిక ఉంటుంది. అది వెనక్కి మాత్రమే చూపుతుంది. 1994 వ్యాసంలో 2000 నాటి పని పేరు ఉండదు కదా! ముందుకు చూడాలంటే, "ఈ వ్యాసాన్ని తరవాత ఎవరెవరు ఉదహరించారు?" అని అడగాలి.

ఈ ప్రశ్న మొదట వేసుకున్నవారు న్యాయవాదులు. పాత తీర్పును కోర్టులో చదివి వినిపించాక, దాన్ని పైకోర్టు ఎప్పుడో కొట్టేసిందని ఎదుటి వకీలు చెబితే కేసు పోతుంది. అందుకని 1873లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఫ్రాంక్ షెపర్డ్ ఒక సూచిక మొదలుపెట్టాడు. ఏ తీర్పును తరవాతి తీర్పులు బలపరిచాయో, ఏది కొట్టివేతకు గురైందో అందులో తెలిసేది.

ఈ ఉపాయాన్ని విజ్ఞానశాస్త్రానికి తెచ్చినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. 1955లో "సైన్స్" పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన తన ఉద్దేశం చెప్పాడు. పాత వ్యాసంమీద తరవాత వచ్చిన విమర్శలు పరిశోధకుడికి తెలియాలి, అప్పుడే కాలం చెల్లిన, లోపభూయిష్ఠమైన సమాచారాన్ని గుడ్డిగా ఉదహరించడం తగ్గుతుంది. ఫిలడెల్ఫియాలోని ఆయన సంస్థ 1964లో "సైన్స్ సైటేషన్ ఇండెక్స్"ను వెలువరించింది.

మాటలతో వెతికితే చాలదా అని మీరు అడగవచ్చు. ప్లేగు క్రిమినే తీసుకోండి. పాత గ్రంథాల్లో దాని పేరు పాశ్చురెల్లా పెస్టిస్. కొత్త పేరుతో మాత్రమే వెతికితే, బొంబాయి ప్లేగు కాలపు పనంతా మీ కంటపడదు. మెలియాయిడోసిస్ క్రిమి కూడా 1992లో సూడోమోనాస్ ప్రజాతి నుంచి బర్క్‌హోల్డేరియాకు మారింది. పేర్లు మారినా, ఒక వ్యాసం ఇంకొక వ్యాసాన్ని ఉదహరించిన లంకె తెగదు.

కార్డుల పెట్టె నుంచి కంప్యూటర్‌కు

దొరికిన రిఫరెన్సులను దాచుకోవడం మరో సమస్య. తరతరాలుగా పరిశోధకులు ఒక్కో వ్యాసానికి ఒక్కో అట్టకార్డు రాసి, పెట్టెల్లో అక్షరక్రమంలో పేర్చుకునేవారు. 1980లలో ఈ పెట్టె కంప్యూటర్‌లోకి ఎక్కింది. రిఫరెన్స్ మేనేజర్, ఎండ్‌నోట్ అన్నవి ఆ దశాబ్దంలో వచ్చినవే. 1985లో ఓరెన్ పటాష్నిక్, లెస్లీ లాంపోర్ట్ కలిసి బిబ్‌టెక్‌ను రూపొందించారు. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంనుంచి జొటేరో వచ్చింది. దానికి డబ్బు కట్టనక్కరలేదు. 2008లో మెండెలీ వచ్చింది, 2013లో ఎల్సెవియర్ సంస్థ దాన్ని కొనుక్కుంది.

ఇవి పనిచేసే తీరు తేలికే. రచయిత, సంవత్సరం, శీర్షిక, పత్రిక, సంపుటం, పుటలు అంటూ ప్రతి వివరానికీ ఒక గడి ఉంటుంది. మీరు వ్యాసం రాస్తూ, కావలసినచోట ఒక గుర్తు మాత్రమే పెడతారు. ఒక పత్రిక వరస అంకెలు అడుగుతుంది, ఇంకొకటి రచయిత పేరు, సంవత్సరం అడుగుతుంది. పత్రికను ఎంచుకుంటే చాలు, సాఫ్ట్‌వేర్ ఆ పద్ధతిలో పట్టికను తయారుచేస్తుంది. నడుమ ఒక రిఫరెన్సు కొత్తగా చేరిస్తే మిగతా అంకెలు వాటంతట అవే సర్దుకుంటాయి. 2000లో మొదలైన క్రాస్‌రెఫ్ సంస్థ ద్వారా వ్యాసాలకు డి.ఓ.ఐ. అనే శాశ్వత సంఖ్యలు వచ్చాక, ఆ సంఖ్య ఇస్తే గడులన్నీ నిండుతున్నాయి. 2019 నుంచి జొటేరో మరో మేలు చేస్తోంది. మీరు దాచుకున్న వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించుకుంటే హెచ్చరిస్తుంది. షెపర్డ్ న్యాయవాదులకు చేసిన సాయమే ఇది!

సాఫ్ట్‌వేర్ చెయ్యలేనివి

మన పేర్ల దగ్గర ఇవి తడబడతాయి. పేరులోని చివరిమాటే ఇంటిపేరని పాశ్చాత్య పద్ధతి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. వులిమిరి ఇంటిపేరు అయినా, ప్రపంచ సూచికల్లో ఆయన "రామలింగస్వామి, వి."గానే కనిపిస్తాడు. ఒకచోట ఒకలాగ, మరొకచోట మరొకలాగ గడి నింపితే, ఒకే మనిషి ఇద్దరవుతాడు. చేత్తో సరిచూసుకోవడం తప్ప దారిలేదు.

సాఫ్ట్‌వేర్లు కూడా మనుషుల్లాగే ముసలివవుతాయి. రిఫరెన్స్ మేనేజర్ అమ్మకాలు 2015 ఆఖరుతో ఆగిపోయాయి. దాని తయారీదారుల పేరుమీద వచ్చిన ఆర్.ఐ.ఎస్. అనే ఫైలు రూపం మాత్రం ఇంకా నడుస్తోంది, దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లూ చదువుతాయి. మీ సేకరణను ఏడాదికి రెండుసార్లయినా ఆ రూపంలో విడిగా దాచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చదవడం. 693 అన్న అంకె పక్కన "దేశం మొత్తం, అనుమానిత కేసులు, అక్టోబరు మొదటి వారం దాకా" అని రాయవలసింది మీరే. అందుకోసమే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ నోట్సు గడి ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు.

సూరత్ ప్రశ్నతోనే సాధన చేసి చూడండి. 1994 వ్యాసం ఒకటి తీసుకుని, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే గూగుల్ స్కాలర్‌లో దాన్ని ఉదహరించినవారి జాబితా తెరవండి. 1996కు, అక్కడినుంచి 2000కు రండి. పాత సిద్ధాంత గ్రంథాలు కావాలంటే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో వెతకండి. దొరికినవాటిని గడుల్లో నింపి, ప్రతిదానికీ రెండు వాక్యాల నోట్సు రాయండి: ఏ నమూనాలు పరీక్షించారు? ఏమి తేల్చారు?

ఇరవై రిఫరెన్సులు పోగయ్యేసరికి, 1994 సెప్టెంబరులో మూటాముల్లె సర్దుకుని రైలెక్కినవాళ్ళు భయపడ్డది దేనికో మీరు ఆధారంతో చెప్పగలుగుతారు. ఆ మాట ఎవరు, ఎప్పుడు, ఏ పరీక్షతో తేల్చారో కూడా చూపించగలుగుతారు.