విడిభాగ పరీక్ష: సి భాషలో దాని కథ

కృష్ణానగర్ వీధులలో సినిమావారికి కావలసిన సామగ్రిని అద్దెకిచ్చే దుకాణాలు అనేకం ఉన్నాయి. కెమెరాను షూటింగుకు తీసుకొని పోయేముందు సహాయకుడు దానిని బల్లపై ఉంచి, లెన్సు బిగించి, కొంత దృశ్యం తీసి చూస్తాడు. లైటును విడిగా వెలిగిస్తాడు. మైకులో విడిగా మాట్లాడి వింటాడు. అన్నీ ఒకచోట చేరి, నటీనటులు వేషాలు వేసుకొని నిలబడిన తరువాత బొమ్మ చెడిపోతే, లోపం ఎక్కడున్నదో పట్టుకోవడం కష్టం. ఆ వేళకు ప్రతి గంటకూ అద్దె పడుతూ ఉంటుంది.

అక్కడినుంచి యూసఫ్‌గూడ మీదుగా కొద్ది దూరం పోతే అమీర్‌పేట. 1990వ దశకం నుంచి తెలుగు జిల్లాల యువకులు వేల సంఖ్యలో వచ్చి కంప్యూటర్ భాషలు నేర్చుకొన్న పేట అది. మైత్రీవనం చుట్టుపక్కల గోడలపై కనిపించే కోర్సుల పేర్లలో సి భాష పేరు చాలా కాలం ముందువరుసలో ఉండేది. అయితే కెమెరా సహాయకునికి సహజంగా అబ్బిన ఆ అలవాటు, అనగా ప్రతి భాగాన్నీ విడిగా పరీక్షించి ఆ పైన కలపడం, ప్రోగ్రాములు వ్రాసేవారిలో సర్వసాధారణం కావడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. దీనినే యూనిట్ టెస్టింగ్ అంటారు. విడిభాగ పరీక్ష అని మనం చెప్పుకోవచ్చు.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. 1949 జూన్‌లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరిగిన సదస్సులో అలన్ ట్యూరింగ్ ఒక చిన్న పత్రం చదివాడు. పెద్ద ప్రోగ్రాము సరియైనదేనని నిర్ధారించడం ఎట్లా అన్నది దాని విషయం. ఆయన తీసుకొన్న ఉదాహరణ బడిపిల్లలకు కూడా తెలిసినదే: ఒక పెద్ద కూడిక. చివరి మొత్తం ఒక్కటే వ్రాసి ఇస్తే, సరిచూసేవాడు లెక్క మొత్తం మళ్ళీ చేయవలసిందే. ప్రతి వరుస నుంచి పై వరుసకు పోయే అంకెలను కూడా వ్రాసి ఉంచితే, ఒక్కొక్క వరుసను విడిగా సరిచూడవచ్చు. పని నలుగురు పంచుకోవచ్చు కూడా. ప్రోగ్రాము వ్రాసేవాడు సైతం అక్కడక్కడ “ఇక్కడ ఇది ఇట్లా ఉండాలి” అని నిర్దిష్టంగా చెప్పి ఉంచాలని ట్యూరింగ్ సూచన. కేంబ్రిడ్జిలోని ఎడ్‌శాక్ యంత్రం పనిచేయడం మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలైనా కాలేదు!

1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించాడు. 1973లో యూనిక్స్ వ్యవస్థను ఆ భాషలో తిరగవ్రాశారు. కెర్నిఘాన్, రిచీల పాఠ్యగ్రంథం 1978లో వెలువడింది. 1989లో భాషకు అమెరికన్ ప్రమాణం ఏర్పడినప్పుడు, ట్యూరింగ్ కోరినటువంటి పరికరమొకటి అందులో స్థానం పొందింది. దాని పేరు అసర్ట్. దానికొక షరతు ఇస్తాము. షరతు నిజమైతే అది మౌనంగా ఊరుకొంటుంది. అబద్ధమైతే ఏ షరతు, ఏ ఫైలు, ఎన్నవ వరుస అన్నది తెరపై చూపి ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపివేస్తుంది.

పరికరం చేతిలో ఉన్నది. కాని మన కళాశాలలలో సి నేర్చుకొన్న తరాలకు అలవాటైన తీరు వేరు. బోర్లాండ్ సంస్థ 1987లో తెచ్చిన టర్బో సి నీలితెరను ఎరుగని తెలుగు ఇంజనీరింగ్ విద్యార్థి ఆ రోజులలో అరుదు. కంట్రోల్ ఎఫ్9 నొక్కి నడపడం, ఆల్ట్ ఎఫ్5 నొక్కి ఫలితం చూడడం, జవాబు సరిగా కనిపిస్తే రికార్డు పుస్తకంలో ఎక్కించడం. అంతా మెయిన్‌లోనే: స్కాన్ఎఫ్‌తో అడగడం, లెక్క కట్టడం, ప్రింట్ఎఫ్‌తో చెప్పడం. ఒక్కసారి ఒక్క అంకెతో సరిపోయిన ప్రోగ్రాము సరియైనదే అయినట్లు లెక్క. టర్బో సిలో పూర్ణాంకానికి 16 బిట్లే. 32767 దాటితే అందులో పట్టదు. 20000కు 20000 కలిపితే -25536 కనిపిస్తుంది. పదుల్లో ఉండే అంకెలతో చూసుకొని తృప్తిపడినవారికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఇటువంటి తృప్తి ఎంతవరకు తీసుకొని పోతుందో 2000 సంవత్సరం చూపించింది. వై2కె సమస్య పేరిట ఆంధ్రదేశం నుంచి ఎందరో యువకులు అమెరికాకు వెళ్ళారు. వారు దిద్దిన ప్రోగ్రాములలో అధికభాగం కోబాల్ భాషలోనివి గాని సి భాషలోనివి కావు. కాని సి భాషకూ తనదైన వంతు ఉన్నది. సి కాలగణనలో సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కిస్తారు. 1998కి ఆ అంకె 98. కొందరు ఆ అంకెకు ముందు 19 అని చేర్చి అచ్చువేసేవారు. 1998 అని చక్కగా వచ్చేది. 2000లో ఆ అంకె 100 అయింది. జనవరి 1న కొన్ని తెరలపై సంవత్సరం 19100 అని వెలిసింది.

ఈ తప్పు ఏటేటా వందలసార్లు నడిచిన ప్రోగ్రాములలోనే ఉన్నది. నడిచిన ప్రతిసారీ జవాబు సరిగానే వచ్చింది. రాని తేదీతో దానిని ఎవరూ అడగలేదు, అంతే. అడగడానికి వీలులేని విధంగా వ్రాయబడిందనడం ఇంకా న్యాయం. గడియారాన్ని చదవడం, లెక్క కట్టడం, అచ్చువేయడం ఒకే ముద్దగా ఉంటే, రేపటి తేదీతో పరీక్షించడానికి యంత్రపు గడియారాన్నే ముందుకు తిప్పాలి. వై2కె రోజులలో చాలాచోట్ల నిజంగానే అట్లా తిప్పి చూశారు.

మరొక ఉదంతం ఇంతకంటె చిన్నది, ఇంతకంటె స్పష్టమైనది. మైక్రోసాఫ్ట్ 2006లో జూన్ అనే పాటల పెట్టెను విడుదల చేసింది. 2008 డిసెంబరు 31న అందులోని 30 గిగాబైట్ల రకపు పెట్టెలు ఒక్కసారిగా కదలక మెదలక నిలిచిపోయాయి. వాటిలో గడియారాన్ని నడిపే సి ఫంక్షన్ 1980 మొదలు గడచిన రోజుల సంఖ్యను తీసుకొని సంవత్సరం కనుక్కొంటుంది. రోజులు 365 కంటె ఎక్కువ ఉన్నంతవరకు ఒక చక్రం తిరుగుతుంది. మామూలు సంవత్సరమైతే 365 తీసివేసి మరుసటి ఏటికి పోతుంది. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటె ఎక్కువ ఉంటే, 366 తీసివేసి పోతుంది. మరి సరిగ్గా 366 ఉంటే? 365 కంటె ఎక్కువ గనుక చక్రం ఆగదు. 366 కంటె ఎక్కువ కాదు గనుక తీసివేత జరగదు. యంత్రం అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. పెట్టె పుట్టిన తరువాత వచ్చిన మొదటి లీపు సంవత్సరపు చివరి రోజు అది. బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా ఆగి, మరుసటి రోజు మళ్ళీ వెలిగించమని సంస్థ చెప్పింది.

ఈ దోషాన్ని పట్టడానికి 2008 దాకా ఆగనక్కరలేదు. ఆ ఫంక్షన్‌కు 366 అనే ఒక్క అంకె ఇచ్చి, 1980 అని జవాబు రావాలని అడిగితే చాలు. జవాబు రాదు, పరీక్ష అక్కడే బిగుసుకొని పోతుంది. ఆ బిగుసుకొనడమే సాక్ష్యం.

ఇక పరీక్ష మొదలుపెట్టేది ఎట్లా? సి భాషలో విడిభాగమంటే ఫంక్షన్. ఒక సంవత్సరం లీపు అవునా కాదా అని చెప్పే ఫంక్షన్‌ను తీసుకొందాం. మొదటి పని దానిని మెయిన్‌లోనుంచి బయటికి తీయడం. అది తెరపై ఏమీ అచ్చువేయరాదు, కీబోర్డును ఏమీ అడగరాదు, గడియారం వంక చూడరాదు. సంవత్సరాన్ని ఆర్గ్యుమెంటుగా తీసుకొని, 1 లేక 0 తిరిగి ఇవ్వాలి. దానిని ఒక ఫైలులో ఉంచి, ప్రకటనను హెడర్ ఫైలులో పెట్టి, పరీక్షలకు మరొక ఫైలు తెరవాలి. ఆ ఫైలుకు తన సొంత మెయిన్ ఉంటుంది. అందులో నాలుగు అసర్ట్ వరుసలు: 2024 లీపు, 2023 కాదు, 1900 కాదు, 2000 లీపు. రెండు ఫైళ్ళనూ కలిపి కంపైల్ చేసి నడిపితే సరి.

నాలుగు సంవత్సరాలే ఎందుకు, అవే ఎందుకు అని పాఠకులు అడగవచ్చు. నాలుగుతో భాగిస్తే చాలుననుకొన్న ఫంక్షన్ మూడింటిలో గట్టెక్కి 1900 దగ్గర దొరికిపోతుంది. శతాబ్దాలేవీ లీపు కావనుకొన్నది 2000 దగ్గర దొరుకుతుంది. 1582లో వచ్చిన గ్రెగరీ పంచాంగ నియమంలో ఎన్ని మలుపులున్నాయో అన్ని ప్రశ్నలు ఉండాలి. జవాబులను ఆ నియమం నుంచే ముందుగా వ్రాసుకోవాలి. ప్రోగ్రామును నడిపి, అది చెప్పినదానినే సరియైన జవాబుగా దించుకొంటే, దొంగనే సాక్షిగా పిలిచినట్లు. మన పంచాంగకర్తలు గణితాన్ని ఆకాశంలో కనబడే గ్రహణంతో సరిచూసుకొన్నది ఇందుకే.

అసర్ట్‌కు రెండు లోపాలున్నాయి. మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది గనుక మిగతావాటి సంగతి తెలియదు. ఎన్‌డీబగ్ అనే గుర్తు పెట్టి కంపైల్ చేస్తే అసర్ట్ వరుసలన్నీ మాయమవుతాయి. కాబట్టి ప్రోగ్రాముకు అవసరమైన పనిని దాని కుండలీకరణాలలో పెట్టరాదు. పరీక్షలను వరుసగా నడిపి, ఎన్ని నెగ్గాయో ఎన్ని ఓడాయో లెక్కచెప్పే చట్రాన్ని స్మాల్‌టాక్ భాష కోసం కెంట్ బెక్ తయారుచేసి 1994లో ప్రకటించాడు. 1997లో బెక్, ఎరిక్ గామా కలిసి విమానప్రయాణంలో జావాకు అటువంటిదే జేయూనిట్ అల్లారు. తరువాత సి భాషకు చెక్, సీయూనిట్, యూనిటీ వంటివి వచ్చాయి. సిలో ఒక చిక్కు ఉన్నది: పాయింటర్ తప్పుచోటును తాకితే పరీక్షించేవాడు కూడా ప్రోగ్రాముతోపాటే కూలుతాడు. అందువల్ల చెక్ ఒక్కొక్క పరీక్షనూ వేరు ప్రాసెస్‌గా నడుపుతుంది. ఒకటి కూలినా తక్కినవి నిలుస్తాయి. కొత్తగా నేర్చుకొనేవారికి ఇవేవీ మొదటిరోజే అక్కరలేదు. ఆ నాలుగు అసర్ట్ వరుసలు చాలు.

సి భాష వారికి ముందున్న తేదీ ఇంకొకటి ఉన్నది. 1970 జనవరి 1 నుంచి గడచిన సెకన్లను యూనిక్స్ సంప్రదాయంలో ఒక పూర్ణాంకంగా దాచుతారు. 32 బిట్ల సంజ్ఞాసహిత పూర్ణాంకంలో పట్టే గరిష్ఠసంఖ్య 2147483647. కొత్త వ్యవస్థలు చాలావరకు 64 బిట్లకు మారాయి. చిన్న చిన్న యంత్రాలలో పాత ఏర్పాటు ఇంకా మిగిలి ఉన్నది. ఆ సంఖ్య 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. మరుసటి సెకనులో పాత యంత్రానికి గ్రీనిచ్ కాలం ప్రకారం 1901 డిసెంబరు 13గా తోచవచ్చు. తేదీని ఆర్గ్యుమెంటుగా తీసుకొనే ఫంక్షన్ వ్రాసుకొన్నవాడు ఆ సంఖ్యనూ, దానికి ఒకటి కలిపిన సంఖ్యనూ రెండు అసర్ట్ వరుసలలో పెట్టి ఈ సాయంత్రమే చూసుకోవచ్చు.