కాపురం చేయని ఇల్లు

కుందేలు పిల్ల పీటర్ కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ తెలుసుగా? 1905లో, 39 ఏళ్ళ వయసులో, ఆవిడ ఇంగ్లండులోని నియర్ సౌరీ పల్లెలో హిల్ టాప్ అనే 17వ శతాబ్దపు రైతు ఇల్లు కొంది. చాలావరకు పుస్తకాల సొమ్మే. పెళ్ళాడవలసిన నార్మన్ వార్న్ ఆ వేసవిలోనే పోయాడు.

పొలం చూసే కుటుంబానికి పక్కన కొత్త గదులు కట్టించి, పాతవి తను ఉంచుకుంది. నల్లబడ్డ ఓక్ బీరువా, పింగాణీ పళ్ళాలు - అన్నీ పాతకాలపువే ఏరి తెచ్చి అమర్చుకుంది. ఇంట్లో ఎలుకలంటారా, వాటిని 1908లో కథలోకే ఎక్కించేసింది!

1913లో పెళ్ళయ్యాక కాపురం దగ్గర్లోనే వేరే ఇంట్లో. అయినా ఈ గదుల్ని వదల్లేదు. వచ్చి రాసుకునేది, సామాన్లు సర్దుకునేది. మనలో ఎందరికి సొంతమంటూ ఒక అలమారైనా ఉంది చెప్పండి!

1943లో పోతూ, ఇంటిని నేషనల్ ట్రస్టుకు రాసిచ్చింది - సర్దినవి సర్దినట్టే ఉంచమని.